స్తంభం వెనక 68 డాలర్ల సీటు: బోస్టన్, కూపర్స్‌టౌన్, న్యూయార్క్ బేస్‌బాల్ యాత్ర

బోస్టన్ ఫెన్‌వే పార్క్‌లో గ్రాండ్‌స్టాండ్ సీటు కొనేముందు ఒక్క సంగతి తేల్చుకోండి. మీకూ బంతి విసిరే పిచ్చర్‌కీ మధ్య స్తంభం ఉందా, లేదా? 1912 ఏప్రిల్ 20న తలుపులు తెరిచిన మైదానం అది. పైకప్పు మోసే స్తంభాలు సీట్ల మధ్యలోనే నిలబడి ఉంటాయి. ఇక్కడి జట్టు రెడ్ సాక్స్ వాళ్లు నేరుగా అమ్మే టిక్కెట్లలో చూపుకు అడ్డున్న సీటుకు ఆ మాట రాసిపెడతారు, ధర కూడా తగ్గిస్తారు. మేం కొన్నది ఒక రీసేల్ యాప్‌లో. ఒక్కోటి 68 డాలర్లు, నలుగురికి 272. అడ్డు ఉందన్న మాట ఎక్కడా లేదు. సీటు నుంచి మైదానం ఇలా కనిపిస్తుందని యాప్‌లో చూపించిన బొమ్మ పక్క సెక్షన్‌లో తీసింది.

కూర్చున్నాక బ్యాటర్ కనిపిస్తాడు, బంతి కొట్టాక అతను పరుగెత్తి చేరాల్సిన మొదటి మజిలీ ఫస్ట్ బేస్ కనిపిస్తుంది, పిచ్చర్ మాత్రం కనిపించడు. క్రికెట్‌లో బౌలర్ పరుగు కనిపించకపోయినా బంతి పిచ్ మీద పడటం చూడొచ్చు. ఇక్కడ బంతి చేతిలోంచి వదిలాక అర సెకను కూడా గడవకముందే అంతా తేలిపోతుంది. ఆ చెయ్యి కనిపించకపోతే ఆట సగం పోయినట్టే. విజయవాడ నుంచి వచ్చిన మామయ్యగారు మూడు ఇన్నింగ్స్ పాటు (ఇక్కడ ఇన్నింగ్స్ అంటే రెండు జట్లూ ఒక్కోసారి బ్యాటింగ్ చేసే విడత, ఆటకు తొమ్మిది) అటూ ఇటూ వంగి చూసి, ఆ తర్వాత మాట్లాడటం మానేశారు. యాప్ వాళ్లకు ఫోన్ చేస్తే టిక్కెట్టు గేటు దగ్గర స్కాన్ అయిపోయింది కాబట్టి పైసా తిరిగి రాదన్నారు.

ఇలాంటప్పుడు చెయ్యాల్సింది ఇది. సీట్లో కూర్చోగానే, మొదటి ఇన్నింగ్స్ అవకముందే, అడ్డు కనిపించేలా ఒక ఫొటో తియ్యండి. అది పట్టుకుని మైదానంలోని గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌కి వెళ్లి వేరే సీటు అడగండి. మంగళ, బుధవారాల్లో ఖాళీలుంటాయి, మంచిగా అడిగితే మారుస్తారు. శని, ఆదివారాల్లో ఆశ పెట్టుకోవద్దు. మాకు ఐదో ఇన్నింగ్స్‌లో మార్చారు. సీట్లు చూపించే అషర్ పెద్దావిడ మామయ్యగారిని చెయ్యి పట్టి మెట్లు దింపింది, ఆ రాత్రికి మా ప్రాణం లేచొచ్చింది. అమెరికాలో 2025 మే నుంచి ఫీజులన్నీ కలిపిన మొత్తం ధర ముందే చూపించాలన్న నిబంధన ఉంది కాబట్టి, చివరి పేజీలో ధర ఎగబాకే బాధ తగ్గింది. స్తంభం సంగతి మాత్రం మనమే కనుక్కోవాలి. ఫెన్‌వేలో స్తంభాలకు ముందుండే లాజ్ బాక్స్, ఫీల్డ్ బాక్స్ సీట్లు భద్రం. కుడివైపు గ్రాండ్‌స్టాండ్‌లో ఫస్ట్ బేస్ దాటాక వచ్చే తక్కువ నంబర్ల సెక్షన్లు కొనవద్దు. ఆ సీట్లు బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వైపు కాకుండా సెంటర్ ఫీల్డ్ వైపు తిరిగి ఉంటాయి, ఆటంతా మెడ తిప్పుకునే చూడాలి.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఈ ఆటలో జనం జీవితాంతం చెప్పుకునే ఘట్టాలు ఏ రోజు వస్తాయో ఎవరూ చెప్పలేరు. 2025 సీజన్ ముగిసేసరికి అమెరికా అగ్రస్థాయి పోటీ మేజర్ లీగ్‌లో లెక్క ఇదీ: ఒక్క బ్యాటర్‌నీ బేస్ చేరనివ్వకుండా వరసగా 27 మందినీ అవుట్ చేసే పర్ఫెక్ట్ గేములు 24. ఒకే ఆటలో ఒకే బ్యాటర్ నాలుగు హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) కొట్టినవి 21. ఒకే బంతికి ఒకే ఫీల్డర్ ఎవరి సాయమూ లేకుండా ముగ్గురిని అవుట్ చేసిన ట్రిపుల్ ప్లేలు 15. ఇప్పుడు ఒక్క సీజన్లోనే 2,430 ఆటలు జరుగుతాయి.

ఖరీదైన టిక్కెట్టు కొంటే గొప్ప ఘట్టం దొరుకుతుందన్న నమ్మకం మనవాళ్లలో చాలామందికి ఉంది. పాత లెక్కలు చూస్తే అది నిలవదు. బోస్టన్ పిచ్చర్ రోజర్ క్లెమెన్స్ 1986 ఏప్రిల్ 29న ఇదే ఫెన్‌వేలో తొమ్మిది ఇన్నింగ్స్‌లో 20 మందిని స్ట్రైకవుట్ (మూడు స్ట్రైకులతో బ్యాటర్‌ని అవుట్ చెయ్యడం) చేశాడు. అప్పటిదాకా ఎవరూ చెయ్యని పని. చూసినవాళ్లు 13,414 మందే. బోస్టన్ దిగ్గజ బ్యాటర్ టెడ్ విలియమ్స్ తన కెరీర్‌లో చివరి బ్యాటింగ్‌లో హోమ్ రన్ కొట్టిన 1960 సెప్టెంబర్ 28న అక్కడున్నది 10,454 మంది. క్యాట్‌ఫిష్ హంటర్ 1968లో ఓక్లాండ్‌లో పర్ఫెక్ట్ గేమ్ వేసినప్పుడు 6,298 మంది. రోజర్ మారిస్ 1961 అక్టోబర్ 1న ఆ సీజన్లో 61వ హోమ్ రన్ కొట్టి బేబ్ రూత్ రికార్డు దాటిన రోజున కూడా యాంకీ స్టేడియం సగానికి పైగా ఖాళీ, వచ్చినవాళ్లు 23,154. కాబట్టి శనివారం రాత్రి పెద్ద జట్టు మీద ఒక్క ఆటకు 180 డాలర్లు పెట్టేకంటే, అదే డబ్బుతో వారం మధ్యలో మూడు మామూలు ఆటలు చూడటం తెలివైన పని.

సీటు ఎక్కడ తీసుకోవాలన్నది మీరు ఏం చూడాలనుకుంటున్నారో దాన్నిబట్టి ఉంటుంది. నా ఓటు ఎప్పుడూ హోమ్ ప్లేట్ వెనక, పై అంతస్తుకే. అక్కడి నుంచి బంతి కోణం, నలుగురు ఇన్‌ఫీల్డర్లు, బేసుల మీద రన్నర్లు అందరూ ఒకే చూపులో అందుతారు. ట్రిపుల్ ప్లే చూడాలంటే ఇది తప్ప వేరే చోటు లేదు. ఒక్కడే చేసే ట్రిపుల్ ప్లే చాలా వరకు ఇలా జరుగుతుంది: అవుట్లు సున్నా, ఫస్ట్ మీద ఒకరు, సెకండ్ మీద ఒకరు, పిచ్చర్ బంతి విసరగానే ఇద్దరూ పరుగు తీస్తారు. బ్యాటర్ నేల తాకకుండా సూటిగా కొట్టిన బంతి (లైన్ డ్రైవ్) సెకండ్, థర్డ్ బేసుల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ చేతిలో పడుతుంది, ఒకటి. అతను సెకండ్ బేస్ తొక్కుతాడు, రెండు. ఫస్ట్ నుంచి దూసుకొస్తున్న రన్నర్‌ని తాకుతాడు, మూడు. 1994 జులై 8న ఫెన్‌వేలో జాన్ వాలెంటిన్ సరిగ్గా ఇలాగే చేసి, అదే ఇన్నింగ్స్ రెండో సగంలో హోమ్ రన్ కూడా కొట్టాడు. అదంతా కొన్ని సెకన్ల పని. ఫోన్ చూసుకుంటున్నవాళ్లకు జనం లేచి అరవడం ఒక్కటే తెలుస్తుంది.

అందుకే స్కోర్ కార్డు రాయమంటాను. నెట్‌లో ఉచితంగా దొరికే ఖాళీ కార్డు ఒకటి ప్రింట్ తీసుకుని, ఒక పెన్సిల్ పట్టుకెళ్తే చాలు. పిచ్చర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ 4, థర్డ్ 5, షార్ట్‌స్టాప్ 6, తర్వాత ఎడమ నుంచి కుడికి ఔట్‌ఫీల్డర్లు 7, 8, 9. స్ట్రైకవుట్‌కి ‘కె’ అక్షరం, బ్యాటర్ కదలకుండా నిలబడి అవుటైతే అదే అక్షరం తిరగేసి. తొమ్మిది బంతుల్లో ముగ్గురినీ స్ట్రైకవుట్ చేసే ‘ఇమాక్యులేట్ ఇన్నింగ్’ పక్కనే జరిగినా, లెక్క రాసుకోనివాళ్లకు తెలియకుండానే గడిచిపోతుంది. బోర్డు మీద మూడు అంకెలు గమనించండి: పరుగులు, హిట్లు, తప్పిదాలు. ఐదో ఇన్నింగ్స్ దాటినా హిట్ల గడిలో సున్నా ఉంటే ఇక సీటు వదలొద్దు. వాక్ (నాలుగు చెడ్డ బంతులకు బ్యాటర్‌ని ఊరికే ఫస్ట్ బేస్‌కి పంపడం) ఇచ్చినా, ఫీల్డర్ తప్పు చేసినా పర్ఫెక్ట్ గేమ్ పోతుంది, ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆట, అంటే నో-హిట్టర్ మాత్రం బతికే ఉంటుంది. ఆ సమయంలో చుట్టుపక్కల ఎవరూ ‘నో-హిట్టర్’ అన్న మాట ఎత్తరు. దిష్టి తగులుతుందన్నంత భయం వాళ్లది. మీరూ ఎత్తకండి.

ఏడో ఇన్నింగ్స్ అవగానే లేచి వెళ్లిపోయే అలవాటు డాలస్ వైపు మన కుటుంబాల్లో బాగా ఉంది. అక్కడి అర్లింగ్టన్ మైదానం దగ్గర పార్కింగ్ రద్దీ తప్పించుకోవాలని. అత్తయ్యగారు కూడా “ఇంకా ఎన్ని ఓవర్లున్నాయి?” అంటూ ఏడు నుంచే చెప్పులు సవరించుకుంటున్నారు. 2009 ఆగస్టు 23న న్యూయార్క్ మెట్స్ జట్టు మైదానం ‘సిటీ ఫీల్డ్’లో తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మెట్స్ ఇద్దరు రన్నర్లతో, ఒక్క అవుటూ లేకుండా ఎగబాకుతున్నారు. ఎదుటి జట్టు ఫిలడెల్ఫియా ఫిలీస్ సెకండ్ బేస్‌మన్ ఎరిక్ బ్రంట్‌లెట్ ఒక్కడే ముగ్గురిని అవుట్ చేసి ఆట ముగించేశాడు. ముందే వెళ్లినవాళ్లు ఏం పోగొట్టుకున్నారో ఊహించుకోండి. పైగా 2023లో పిచ్ క్లాక్ (బంతి విసరడానికి పిచ్చర్‌కి పెట్టిన గడువు) వచ్చాక ఆట సగటున రెండు గంటల నలభై నిమిషాల్లో అయిపోతోంది. బోస్టన్‌లో గ్రీన్ లైన్ రైలు ఎక్కి కెన్‌మోర్‌లో దిగితే మైదానం అయిదు నిమిషాల నడక. టిక్కెట్టు 2.40 డాలర్లు, పదకొండేళ్ల వరకు పిల్లలకు ఉచితం. అక్కడ కారు తీసుకెళ్లి 50 డాలర్ల పార్కింగ్ కట్టడం శుద్ధ దండగ.

ఫెన్‌వేలో ఆట మొదలయ్యేలోపు కుడి ఔట్‌ఫీల్డ్ వెనక పైకప్పు లేని సీట్లు, బ్లీచర్స్ వైపు వెళ్లి రండి. ఆకుపచ్చ సీట్ల మధ్య ఒక్కటే ఎర్ర సీటు: సెక్షన్ 42, వరస 37, సీటు 21. 1946 జూన్ 9న టెడ్ విలియమ్స్ కొట్టిన బంతి 502 అడుగులు ప్రయాణించి, అక్కడ కూర్చున్న ప్రేక్షకుడి గడ్డి టోపీకి తగిలింది. అక్కడ నిలబడి హోమ్ ప్లేట్ వైపు చూస్తే గాని ఆ దూరం ఎంతో అర్థం కాదు. మామయ్యగారి మొహంలో వెలుగు తిరిగొచ్చింది అక్కడే.

బోస్టన్ నుంచి బేస్‌బాల్ దిగ్గజాల మ్యూజియం ‘హాల్ ఆఫ్ ఫేమ్’ ఉన్న కూపర్స్‌టౌన్‌కు కారులో నాలుగు గంటలు. రైలు లేదు, దగ్గర్లో పెద్ద ఎయిర్‌పోర్టూ లేదు. దారిలో టోల్ గేట్ల దగ్గర మనిషి ఉండడు, కెమెరాలే. అద్దె కారు సంస్థ టోల్‌తో పాటు రోజుకు ఇంత అని సేవా రుసుం వేస్తుంది. కారు తీసుకునేటప్పుడే అడిగి, మీ సొంత ఈజీపాస్ (టోల్ కట్టే ట్యాగ్) ఉంటే దాన్నే కారు నంబరుకి జత చేసుకోండి.

రెండు వేల మంది కూడా లేని ఊరది. వేసవిలో పిల్లల బేస్‌బాల్ టోర్నమెంట్లు వారం వారం జరుగుతూ ఉంటాయి, తల్లిదండ్రులతో ఊళ్లో గదులన్నీ నిండిపోతాయి. ఊళ్లో మేం అడిగిన చోట రాత్రికి 310 డాలర్లు, అదీ మూడు రాత్రులకు తక్కువైతే ఇవ్వమన్నారు. అరగంట దూరంలోని ఒనియాంటాలో 142 డాలర్లకు ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉన్న శుభ్రమైన గది దొరికింది. జులై చివర్లో హాల్ ఆఫ్ ఫేమ్ ప్రవేశోత్సవం జరిగే వారాంతంలో మాత్రం అటు అసలు వెళ్లొద్దు. శాకాహారులకు పిజ్జా, సలాడ్ తప్ప పెద్దగా ఏమీ లేవు. చిన్న రైస్ కుక్కర్, ఆవకాయ సీసా, పెరుగు డబ్బా ఉంటే గండం గడిచినట్టే.

హాల్ ఆఫ్ ఫేమ్ టిక్కెట్టు పెద్దలకు 30 డాలర్లు. ఒక్క పూటలో అవ్వదు. మెయిన్ స్ట్రీట్ మీద పార్కింగ్‌కి గంటల పరిమితి ఉంది, పోలీసులు నిక్కచ్చిగా చూస్తారు. ఊరి బయటి పార్కింగ్‌లో కారు పెట్టి ట్రాలీ ఎక్కండి. ముందు రెండో అంతస్తు చూసి, ఫలకాల గ్యాలరీని చివరికి ఉంచుకోండి. నో-హిట్టర్ల బంతులు వరసగా పేర్చిన చోటు దగ్గర కనీసం అరగంట ఆగండి. అక్కడ నిలబడ్డ ముసలివాళ్లని పలకరిస్తే చాలు, ఫలానా ఆటకు నేనున్నానని, ఏ సెక్షన్‌లో కూర్చున్నారో, వానొచ్చిందో లేదో కూడా చెబుతారు. ఈ యాత్ర మొత్తంలో మాకు అన్నిటికంటే నచ్చినది ఈ మాటలే. మీరెప్పుడో చూసిన ఆట తారీఖు గుర్తుంటే రెట్రోషీట్ వెబ్‌సైట్లో దాని పూర్తి లెక్క, హాజరైన జనంతో సహా, ఉచితంగా దొరుకుతుంది.

న్యూయార్క్‌లో అన్నీ సాఫీగా జరిగిపోయాయి. మేం వెళ్లిన 2025 వేసవిలో సబ్‌వే 2.90 డాలర్లు. 4, బి, డి రైళ్లు 161వ వీధిలో యాంకీ స్టేడియం ఎదుటే దింపుతాయి. పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో ఇంటి తిండి తీసుకెళ్లనిస్తారు, పులిహోర లోపలికి నిరభ్యంతరంగా వచ్చింది. గేట్లు తెరవగానే లోపలే యాంకీ దిగ్గజాల స్మారకాలున్న మాన్యుమెంట్ పార్క్‌కి వెళ్లండి, ఆట మొదలవడానికి ముప్పావు గంట ముందే మూసేస్తారు. వీధి దాటితే హెరిటేజ్ ఫీల్డ్. 1956 అక్టోబర్ 8న సీజన్ విజేతను తేల్చే వరల్డ్ సిరీస్‌లో డాన్ లార్సెన్ 64,519 మంది ముందు 97 బంతుల్లో పర్ఫెక్ట్ గేమ్ వేసిన పాత మైదానం స్థలం అదే. ప్రవేశానికి డబ్బు కట్టక్కర్లేదు.

చివరగా, బంతి చేతికొస్తే ఏం చెయ్యాలి? గీత బయటికి పోయిన మామూలు ఫౌల్ బాల్ అయితే ఇంటికి పట్టుకెళ్లండి. ఆటగాడి మొదటి హోమ్ రన్నో, రికార్డు బంతో అయితే సీటు దగ్గరే ఉండి అషర్‌ని పిలవండి. బంతి అసలుదేనని ధ్రువీకరించడానికి లీగ్ నియమించిన ఆథెంటికేటర్లు ప్రతి ఆటకీ ఉంటారు. బంతి వాళ్ల కళ్లు దాటి పోయిందంటే, రికార్డు కోసం ముందే రహస్య గుర్తు వేసిన బంతి అయితే తప్ప, హోలోగ్రామ్ స్టిక్కర్ వెయ్యరు. అది లేకపోతే వేలంలో విలువ బాగా తగ్గిపోతుంది. 2024లో షోహెయ్ ఒటాని ఆ సీజన్లో కొట్టిన 50వ హోమ్ రన్ బంతి వేలంలో 43.9 లక్షల డాలర్లు పలికింది. జట్టు ప్రతినిధి సంతకం చేసిన బ్యాటు ఇస్తాం, టోపీ ఇస్తాం అని తొందరపెట్టవచ్చు. అక్కడికక్కడే ఒప్పుకోవాల్సిన పని లేదు. మీతో వచ్చినవాళ్లు పక్కన ఉండగా, బంతి చేతిలోనే ఉంచుకుని, ఆలోచించుకోవడానికి సమయం కావాలని చెప్పండి.