చదరపు ఇటుకలతో గుండ్రటి బతుకమ్మ

లెగో అంటే పైన బొడిపెలుండి, ఒకదాని మీద ఒకటి నొక్కితే అతుక్కునే చిన్న ప్లాస్టిక్ ఇటుకలు. నాకు ప్రాణమైన గుణం ఒక్కటే: ఈ ఇటుకలతో కట్టిన గోడ వంగుతుంది. మా ఇంట్లో ప్రతి పండుగకూ ఆ డబ్బా బయటికి వస్తోందంటే అందుకే.

మేము ఉండేది ఇంగ్లండులో. ఇక్కడ బతుకమ్మ పేర్చడానికి తంగేడు లేదు, గునుగు లేదు. కొన్న చామంతులు మొదటిదైన ఎంగిలిపూల రోజుకూ చివరిదైన సద్దుల రోజుకూ సరిపోతాయి గానీ నడుమ రోజులు బోసిపోయేవి. ఆ రోజుల కోసం మా అమ్మాయి ఇటుకలతో పేర్చడం మొదలుపెట్టింది. తొలి ఏడాది నాలుగు పలకలుగా, మెట్లు మెట్లుగా వచ్చింది. ముచ్చటగానే ఉంది. కానీ చుట్టూ తిరుగుతూ ఆడే బతుకమ్మకు మూలలుంటే నా మనసు ఒప్పుకోలేదు.

దారి దొరికింది గుండ్రటి ఒంటి బొడిపె ఇటుకల్లో. రెండు బొడిపెల ఇటుక, పక్కన గుండ్రటిది, మళ్లీ రెండు బొడిపెలది: ఇలా ఒక వరుస. పై వరుసను ఒక్క బొడిపె పక్కకు జరిపి మొదలుపెట్టాలి, దానిపై వరుసను ఇంకొక్కటి. మూడు వరుసలు పడ్డాక గానీ గోడ ఒకటిగా నిలవదు. నిలిచాక రెండు కొసలూ పట్టుకుని మెల్లగా దగ్గరికి తెస్తే, ప్రతి బొడిపె దగ్గరా కాస్త కాస్త తిరుగుతూ గోడంతా వలయంగా చుట్టుకుంటుంది. చదరపు ఇటుకలే అయితే మూలలు ఒకదానికొకటి తగిలి ఆగిపోతాయి. గుండ్రటిది నడుమ ఉంటే ఆ తగులు ఉండదు. వలయంలో బొడిపెల సంఖ్య మూడుతో భాగించేలా ఉంటేనే కొసలు కలుస్తాయి. మొదటిసారి కొసలు కలిసి టక్కున అతుక్కున్నప్పుడు తల్లీకూతుళ్లం ఇద్దరం కేక పెట్టాం. అందులో సగం ఇటుకలు పాతసామాన్ల దుకాణంలో కొన్నవి, ఏ కాలం నాటివో తెలియదు. అయినా 1958 నుంచి కొలత మారలేదు కాబట్టి కొత్తవాటితో చక్కగా కలిసిపోయాయి.

వంగుతుంది అన్నాను, ఎంతైనా వంగుతుందని కాదు. బెత్తెడు వెడల్పు కంటే చిన్న వలయానికి బలవంతం చేస్తే ఇటుకలు ఊడివస్తాయి. అందుకే పైభాగానికి గుండ్రటి పలకలే వాడుతున్నాం. పైగా వలయం అడుగు పలకకు అతుక్కోదు. పలక మీది బొడిపెలు తిన్నటి వరుసల్లో ఉంటాయి మరి. ఒక సద్దుల సాయంత్రం దీన్ని తాంబాలంలో పెట్టి అందరం కలిసి ఆడే హాలుకు తీసుకువెళ్తుంటే, కారు మలుపు తిరిగేసరికి వలయాలు ఒకదాని మీద నుంచి ఒకటి జారిపోయాయి. ఫోనులో చూసిన మా అమ్మ, "నడుమ ఆకులు కూర్చకుంటే పూలైనా నిలుస్తాయా బిడ్డా?" అంది. హాలులోనే మా అమ్మాయి చున్నీ తీసి వలయాల నడుమ గట్టిగా కూర్చాం. ఆ తరువాత ఆట ముగిసేదాకా కదలలేదు. ఇప్పుడు డబ్బాలో ఒక పాత చున్నీ కూడా ఉంటుంది.

పసుపు గౌరమ్మను మాత్రం పూల బతుకమ్మ మీదే పెడతాం, పూజ దానికే. ఇటుకలది పిల్లల ఆటకు. మా అమ్మాయి ఏ రోజుది ఆ రోజు విప్పి మర్నాడు వేరే రంగులతో పేరుస్తుంది. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు కాబట్టి డబ్బా మూత తీయదు. డిసెంబరులో అవే వలయాలు ఆకుపచ్చ రంగులో క్రిస్మస్ చెట్టుకు మొదలవుతాయి, సంక్రాంతికి బొమ్మల పల్లెలో బావి గట్టవుతాయి.

పూలు దొరికే ఊళ్లో ఉంటే ఇంత శ్రమ పడేదాన్నో లేదో చెప్పలేను. మాకు పూల కొరత ఉంది, ఓపికగల పదేళ్ల పిల్ల ఉంది, చలికాలమంతా ఇంట్లోనే గడపాలి. కాబట్టి పెట్టిన డబ్బు దండగ అనిపించలేదు. గుండ్రటి ఇటుకలు విడిగా, చాలా కొనాల్సి వస్తుంది. ఇంట్లో ఏది దొరికినా నోట్లో పెట్టుకునే పసివాళ్లుంటే ఇంకొన్నేళ్లు ఆగండి, అవి మరీ చిన్నవి.