512 జీబీ అన్నారు, 29 జీబీ తేలింది: పాటల ప్లేయర్ కొనేవాళ్లు ఇది చదివాకే కొనండి

హన్మకొండ, వరంగల్, కాజీపేటల్లో గానీ, ఆన్‌లైన్లో గానీ "512 జీబీ కార్డు ఇందులోనే ఉంది" అని చెప్పి అమ్మే చిన్న పాటల ప్లేయర్ మీద కన్నేసినవాళ్లు ఉంటే దయచేసి ఒక్క పది నిమిషాలు ఆగండి. నేను రెండు నెలల కింద 6,200 రూపాయలు పెట్టి అలాంటిది కొని మోసపోయాను. డబ్బు సంగతి తర్వాత. దాంతోపాటు మళ్లీ ఎక్కడా దొరకని ఒక రికార్డింగు కూడా పోయింది. అందుకే రాస్తున్నాను.

మా ఇంట్లో పాటలు ఎక్కువ. మా నాన్నకు క్యాసెట్ల పిచ్చి. ఐనవోలు మల్లన్న జాతరకు పోయినా, కొమురవెల్లికి పోయినా, ఊళ్లో బీరప్ప పండుగ చేసినా, మైకు ఉన్న టేప్ రికార్డర్ భుజాన వేసుకుని ఒగ్గు కథ మొత్తం పట్టుకొచ్చేవాడు. ఇంట్లో బతుకమ్మ ఆడితే అదీ రికార్డు చేసేవాడు. చుక్క సత్తయ్య లాంటి పెద్ద కళాకారుల గొంతులు రేడియోలోనో, అకాడమీ రికార్డుల్లోనో దొరుకుతాయి. మా ఊరి చుట్టుపక్కల పేరు కూడా బయటికి రాని ఒగ్గు వాళ్ల గొంతులు మాత్రం ఈ క్యాసెట్లలోనే ఉన్నాయి. మూడేళ్లుగా ఒక్కొక్కటే కంప్యూటర్‌కు ఎక్కిస్తున్నాను. వాటితోపాటు పాత సినిమా పాటలు, కీర్తనలు, జానపదాలు అన్నీ కలిపి 11,400 ఫైళ్లు, 186 జీబీ అయ్యాయి.

ప్లేయర్ కావాల్సింది అమ్మకు. ఆమెకు 71 ఏళ్లు. ఫోన్లో పాట పెట్టుకుంటే నడుమ కాల్ వస్తుంది, ఏదో మెసేజ్ వస్తుంది, వేలు తగిలి ఇంకేదో తెరుచుకుంటుంది. బటన్లు ఉండి, జేబులో పట్టేది, అన్ని పాటలూ ఒక్కదాంట్లో ఉండేది కావాలని వెతికాను. హన్మకొండలో ఒక షాపులో చూపించారు. ప్లేయర్ 4,800, కార్డు ఆఫర్లో 1,400. "అన్నా, ఐదొందల పన్నెండు జీబీ అంటే మామూలా, మీ జిందగీ పాటలన్నీ పడతయ్" అన్నాడు కౌంటర్లో ఉన్న అబ్బాయి. పేరున్న కంపెనీ 512 జీబీ కార్డు ఆ ధరకు రాదు. ఆ మాట నాకు అప్పుడే తట్టాల్సింది, తట్టలేదు. నా కళ్ల ముందే కార్డు పెట్టి ఆన్ చేశాడు. సెట్టింగ్స్‌లో 476 జీబీ అని చూపించింది. 512కు 476 చూపడం మామూలే, తయారీదార్లు వెయ్యితో లెక్కేస్తారు, కంప్యూటర్ 1,024తో లెక్కేస్తుంది. ఆ లెక్క నాకు తెలుసు కాబట్టి అంకె సరిపోయిందని నమ్మి తెచ్చుకున్నాను.

రాత్రి పదింటికి కాపీ పెట్టాను. ఈ చిన్న ప్లేయర్లకు ఉండేది యూఎస్‌బీ 2.0, నా దాంట్లో సెకనుకు ఏడెనిమిది ఎంబీ కంటే ముందుకు పోలేదు. తెల్లవారి ఐదింటికి అయిపోయింది. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. ఫోల్డర్లన్నీ ఉన్నాయి, ఫైళ్ల పేర్లు ఉన్నాయి, సైజులు ఉన్నాయి. అమ్మ చెవిలో పెట్టి రెండు మూడు పాటలు వినిపించాను. బాగానే వచ్చాయి.

నాలుగో రోజు మధ్యాహ్నం అమ్మ వరండాలో కూర్చుని మా పెద్దమ్మ పాడిన బతుకమ్మ పాట పెట్టుకుంది. పెద్దమ్మ పోయి తొమ్మిదేళ్లయింది. 1998లో మా వాకిట్లో ఆడినప్పుడు నాన్న రికార్డు చేసిన పాట అది, వెనక చప్పట్లు, పిల్లల గోల అన్నీ వినిపిస్తాయి. అమ్మ ఇయర్‌ఫోన్ తీసి చేతిలో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "ఇదేందిరా, అక్క పాట నడుమల మల్లన్న కథ వస్తుంది?" అంది. పెట్టి విన్నాను. పెద్దమ్మ రెండో చరణం ఎత్తుకుంది, ఉయ్యాలో అనబోయే చోట టక్కున తెగి, డోలు దెబ్బతో ఒగ్గు కథ నడుమ నుంచి మొదలైంది. కొంతసేపు అది నడిచి, మళ్లీ ఏదో సినిమా పాట. ఫైలు పేరు మాత్రం పెద్దమ్మ పాటదే.

నకిలీ కార్డు పని తీరు ఇది, బాగా అర్థం చేసుకోండి. మెమరీ కార్డులో చిప్పుతో పాటు ఒక చిన్న కంట్రోలర్ ఉంటుంది. "నాలో ఇంత చోటుంది" అని కంప్యూటర్‌కు చెప్పేది అదే. నకిలీ చేసేవాళ్లు దానికే అబద్ధం నేర్పుతారు. లోపల 32 జీబీ చిప్పు పెట్టి, 512 అని చెప్పేలా చేస్తారు. కంప్యూటర్ గానీ ప్లేయర్ గానీ ఆ మాటే నమ్మి చూపిస్తాయి. అసలు చోటు నిండేదాకా అంతా సవ్యంగా ఉంటుంది. నిండాక వచ్చినదాన్ని పాతదాని మీదే రాస్తుంది, లేదా రాసినట్టు చెప్పి వదిలేస్తుంది. ఎర్రర్ రాదు. పేర్ల పట్టిక వేరే చోట ఉంటుంది కాబట్టి పేర్లు, సైజులు చెక్కుచెదరవు. అందుకే షాపులో ఆన్ చేసి చూపించినంత మాత్రాన, రెండు పాటలు మోగినంత మాత్రాన ఏమీ రుజువు కాదు.

రుజువు కావాలంటే కార్డును చివరిదాకా నింపి, మళ్లీ చదివి చూడాలి. విండోస్‌లో హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, లినక్స్, మాక్ వాళ్లకు ఎఫ్3 ఉంది. కార్డు ఖాళీ చేసి, రీడర్లో పెట్టి నడిపిస్తే, మొదటి నుంచి చివరిదాకా రాసి, రాసింది రాసినట్టు ఉందో లేదో సరిచూస్తుంది. పెద్ద కార్డుకు గంటల తరబడి పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. నా కార్డుకు తెల్లారి వచ్చిన ఫలితం: 29 జీబీ చిల్లర బాగుంది, మిగతా మొత్తం పోయింది. 32 జీబీ కార్డు కంప్యూటర్లో 29.8గా కనిపిస్తుంది కదా, అంటే లోపల ఉన్నది ఎంతో తేలిపోయింది.

పెద్దమ్మ పాట హార్డ్ డిస్కులో ఇంకో కాపీ ఉంది కాబట్టి బతికింది. కానీ చివరగా ఎక్కించిన తొమ్మిది క్యాసెట్ల విషయంలో నేను పెద్ద తప్పు చేశాను. ఒక్కో సైడు 45 నిమిషాలు, వేవ్ ఫైలు దాదాపు 450 ఎంబీ. 18 సైడ్లు అంటే ఎనిమిది జీబీ. లాప్‌టాప్‌లో చోటు లేదని వాటిని కాపీ చేయకుండా కట్ చేసి కార్డులో పేస్ట్ చేశాను. తెరిచి చూస్తే పద్దెనిమిదింట్లో గరగర తప్ప ఏమీ లేదు. డిలీట్ అయిన ఫైళ్లను వెనక్కి తెచ్చే ప్రోగ్రాములు కార్డు మీద నడిపి చూశాను. రాయనే రాయనిది ఎక్కడి నుంచి వస్తుంది? లాప్‌టాప్‌లో ఆ చోట అప్పటికే వేరేవి పడ్డాయి. కొత్త కార్డు, కొత్త ప్లేయర్, ఏదైనా సరే, కనీసం నెల రోజులు వాడి చూసేదాకా అసలు ఫైళ్లు కదపకండి. కట్ అనే మాటే వద్దు.

షాపుకు పోతే "వాడిన కార్డు వాపస్ తీసుకోం" అన్నారు. టెస్ట్ ఫలితం ఫోన్లో చూపిస్తే "మీ లాప్‌టాప్‌లో వైరస్ ఉంటది" అన్నారు. నా దగ్గర ఉన్నది కచ్చా చిట్టీ, దాని మీద "ప్లేయర్ 1, కార్డు 1" అని మాత్రమే ఉంది. కంపెనీ పేరు లేదు, సీరియల్ నంబరు లేదు, జీఎస్టీ నంబరు లేదు. నన్ను కాపాడింది యూపీఐలో కట్టిన రికార్డు ఒక్కటే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడా పోతానని గట్టిగా చెప్పాక కార్డు డబ్బులు 1,400 ఇచ్చారు. ప్లేయర్ మాత్రం తీసుకోలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే చోటే కమిషన్లో కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు సరుకుకు ఫీజు కూడా లేదు. కానీ పక్కా బిల్లు లేకపోతే ఏ మెట్టు దగ్గరైనా మన మాట బలహీనపడుతుంది. ఆన్‌లైన్లో కొన్నవాళ్లకు కాస్త నయం, 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసి పెట్టుకోండి.

ఇక ప్లేయర్ సంగతి. కార్డు మారిస్తే సరిపోతుంది కదా అని అధీకృత డీలర్ దగ్గర 256 జీబీ అసలు కార్డు కొన్నాను, టెస్ట్ చేశాను, 238 జీబీ మొత్తం బాగుంది. ప్లేయర్‌లో పెడితే కార్డే లేదంది. 32 జీబీ దాకా ఉండేవి ఎస్‌డీహెచ్‌సీ, ఆ పైవి ఎస్‌డీఎక్స్‌సీ. ఎక్స్‌సీ కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ అయి వస్తాయి, చౌక ప్లేయర్లలో చాలావాటికి అది చదవడం రాదు. షాపులో ఇచ్చిన నకిలీ కార్డు ముందే వేరే పద్ధతిలో ఫార్మాట్ అయి ఉండాలి, అందుకే దాన్ని చదివింది. విండోస్‌లో మౌస్‌తో ఫార్మాట్ చేయబోతే అంత పెద్ద కార్డుకు ఫ్యాట్32 అనే పాత పద్ధతి చూపించనే చూపించదు. వేరే ప్రోగ్రాంతో ఫ్యాట్32లోకి మార్చాక చదివింది. అయ్యో పోనీలే అనుకునేలోపు లిస్టు 4,000 దగ్గర ఆగిపోయింది. మిగతా 7,400 పాటలు కార్డులో ఉన్నా లిస్టులోకి రావు. జీబీల గురించి అందరూ అడుగుతారు, ఎన్ని ఫైళ్లు లెక్కపెట్టగలదో ఎవరూ అడగరు. పెద్ద కలెక్షన్ ఉన్నవాళ్లకు ముందు కావాల్సిన అంకె అదే.

తెలుగు పేర్ల బాధ వేరే. "బతుకమ్మ" అని ఉండాల్సిన చోట తెర మీద ఏడు ఖాళీ డబ్బాలు. అక్షరం, కొమ్ము, పొల్లు, వత్తు విడివిడిగా లెక్కేసి ఒక్కోదానికి ఒక్కో డబ్బా పెట్టింది, లోపల తెలుగు ఫాంటే లేదు. అమ్మకు చదువు వచ్చు, కళ్లజోడు పెట్టుకుని ఆ డబ్బాలను చూస్తూ "ఏది ఏందో ఎట్ల తెలుస్తది బిడ్డా" అంటే నాకు ప్రాణం ఉసూరుమంది. పైగా ఇలాంటి చౌక ప్లేయర్లు చాలావరకు పాటలను పేరు వరుసలో చూపవు, కార్డులోకి ఏది ముందు కాపీ అయితే అది ముందు. కథ మూడో భాగం అయ్యాక ఒకటో భాగం వస్తుంది.

అన్నిటికంటే నన్ను విసిగించింది ఆగిన చోటు గుర్తుపెట్టుకోకపోవడం. మూడు నిమిషాల పాటకు అది పెద్ద విషయం కాదు. 45 నిమిషాల ఒగ్గు కథలో 38వ నిమిషం దగ్గర ఆపి, అన్నం తిని వస్తే మళ్లీ మొదటి నుంచి. ముందుకు జరుపుదామంటే బటన్ నొక్కి పట్టుకుని నిలబడాలి. కథలు, ప్రవచనాలు, హరికథలు వినేవాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి.

కాబట్టి షాపుకు పోయేటప్పుడు మీ పాటలు కొన్ని సొంత కార్డులో వేసుకుని పోండి. తెలుగు పేరున్న ఫోల్డర్ ఒకటి, గంట నిడివి ఉన్న ఫైలు ఒకటి, ఫ్లాక్ (నాణ్యత తగ్గకుండా దాచే ఆడియో ఫైలు) ఉంటే అదీ ఒకటి. కౌంటర్ దగ్గరే పెట్టమనండి. పేరు చదవగలుగుతుందా, మధ్యలో ఆపి స్విచ్ ఆఫ్ చేసి మళ్లీ వేస్తే ఎక్కడి నుంచి మొదలవుతుంది, ఫోల్డర్ల ప్రకారం చూపుతుందా అని చూడండి. పాత పాటలకు ఆల్బం, గాయకుడు లాంటి వివరాలు ఉండవు కాబట్టి ఫోల్డర్ చూపించకపోతే సగం కలెక్షన్ "అన్‌నోన్" కింద ఒకే కుప్పలో పడుతుంది. డబ్బా మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, అడ్రస్, ఎంఆర్‌పీ ఉండాలి. నాది తెల్ల డబ్బా, వాటిలో ఒక్కటీ లేదు. కార్డు ప్లేయర్‌తో కలిపి కొనొద్దు, ప్లేయర్ ఒక చోట, కార్డు ఇంకో చోట, రెండింటికీ పక్కా బిల్లు.

డబ్బు పెట్టగలిగితే ఆండ్రాయిడ్‌తో నడిచే ప్లేయర్లు ఉన్నాయి, సోనీ వాక్‌మన్‌లో, ఫియో లాంటి కంపెనీల్లో దొరుకుతాయి. వాటిలో తెలుగు అక్షరాలు చక్కగా కనిపిస్తాయి, పెద్ద కార్డులు పడతాయి. కానీ మంచివి ఇరవై వేలు దాటుతాయి. "కొత్త ఐపాడ్ క్లాసిక్" అని ఎవరైనా చూపిస్తే నమ్మకండి, 160 జీబీ ఐపాడ్ క్లాసిక్‌ను ఆపిల్ 2014లోనే ఆపేసింది. ఇప్పుడు దొరికేవి చాలావరకు పాతవి విప్పి బ్యాటరీ, లోపలి డిస్కు మార్చినవి. లోపల ఏ కార్డు పెట్టారో మళ్లీ అదే అనుమానం.

మేం చివరికి నాన్న వాడి పక్కన పెట్టిన పాత ఫోన్ తీశాం, కార్డు స్లాట్ ఉన్నది. సిమ్ తీసేసి, నెట్ ఆపి, ఆ 256 జీబీ కార్డు వేసి, ఆగిన చోటు గుర్తుపెట్టుకునే ఆడియోబుక్ యాప్ ఒకటి పెట్టి, అక్షరాలు పెద్దవి చేసి ఇచ్చాను. కాల్ రాదు, మెసేజ్ రాదు. అమ్మ ఇప్పుడు దాంట్లోనే వింటోంది. పెద్దమ్మ పాట పూర్తిగా వస్తోంది.

ఆ తొమ్మిది క్యాసెట్లలో ఎనిమిది మళ్లీ ఎక్కించాను, పది రోజులు పట్టింది. తొమ్మిదోది ఐనవోలులో పట్టిన మల్లన్న కథ రెండో క్యాసెట్. మొదటిసారి బాగానే తిరిగింది. రెండోసారి పెడితే డెక్‌లో రీలు చుట్టుకుని తెగింది. మామూలు ప్లాస్టర్‌తో అతికిస్తే డెక్‌లో రీలును చదివే హెడ్ పాడవుతుందని, జిగురు బయటికి కారి పక్క చుట్లు కూడా అంటుకుంటాయని చదివి నేను ముట్టుకోలేదు, తెగిన చివరలను కవర్లో పెట్టి ఉంచాను. వరంగల్‌లో గానీ, జనగామ, కరీంనగర్ వైపు గానీ క్యాసెట్ రీలు అతికించే పాత మెకానిక్ ఎవరైనా ఇంకా పని చేస్తుంటే చెప్పండి, క్యాసెట్ పట్టుకుని నేనే వస్తాను.