జవాను ఫిర్యాదు: యూనిట్‌లోనా, ట్రిబ్యునల్‌లోనా, గుంటూరులోనా?

యూనిట్‌లో అబ్బాయికి అన్యాయం జరుగుతోందని ఫోన్ రాగానే మన గుంటూరు వైపు ఇంట్లోవాళ్లు ముందు ఎమ్మెల్యే లెటర్ కోసం తిరుగుతారు. దయచేసి ఆ పని చేయకండి. బయటి పలుకుబడి వాడాడన్న మాట చివరికి అబ్బాయి మీదకే వస్తుంది.

మొదటి దారి యూనిట్ లోపలే ఉంది. 1950 ఆర్మీ చట్టం 26వ సెక్షన్ జవాన్లకు, జేసీఓలకు (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లకు) ఈ హక్కు ఇచ్చింది. కంపెనీ కమాండర్‌కి చెప్పుకోవచ్చు. ఫిర్యాదు ఆయన మీదే అయితే ఆయన పైఅధికారికి చెప్పుకోవచ్చు. ఫిర్యాదు అందుకున్న అధికారి వీలైనంత పూర్తిగా విచారించాల్సిందే, అది ఆయన దయ కాదు. దర్బార్‌లో, అంటే యూనిట్ అధికారి జవాన్లందరితో జరిపే సమావేశంలో, నోటితో అడిగి ఊరుకోవడం కంటే, తేదీ వేసి రాసిచ్చి నకలు దాచుకోవడం ఎంతో మేలు. కోపంలో లేనివి మాత్రం కలపకూడదు. తెలిసి అబద్ధపు ఫిర్యాదు చేస్తే 56వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు.

ఆ నకలు ట్రిబ్యునల్‌కి వెళ్లేటప్పుడు పనికొస్తుంది. 2007 చట్టంతో వచ్చిన సాయుధ దళాల ట్రిబ్యునల్ ప్రమోషన్, డిశ్చార్జ్, డిసేబిలిటీ పెన్షన్ లాంటి విషయాల్లో గట్టి అండ. కానీ మామూలుగా లోపలి దారి పూర్తయ్యాకే అక్కడ కేసు తీసుకుంటారు. ఫిర్యాదు ఇచ్చి ఆరు నెలలైనా జవాబు రాకపోతే వెళ్లవచ్చు. తుది ఉత్తర్వు వచ్చాక కూడా గడువు ఆరు నెలలే. లీవు, పోస్టింగ్ గొడవలు మాత్రం ట్రిబ్యునల్ పరిధిలోకే రావు. మనం ఎక్కువగా వినే బాధలు ఆ రెండే కాబట్టి, వాటికోసం అక్కడ కేసు వేస్తామనే లాయరుకి డబ్బు కట్టకండి.

వీడియో పెట్టడం అన్నిటికంటే నష్టం. 2017 జనవరిలో తిండి బాగాలేదని వీడియో పెట్టిన బీఎస్‌ఎఫ్ జవాను ఉద్యోగమే పోయింది. అది వేరే దళమే అయినా, సోషల్ మీడియాకి ఎక్కకుండా ఫిర్యాదు పెట్టెల్లో వేయమని అప్పటి సైన్యాధిపతి బిపిన్ రావత్ తన సైనికులకు చెప్పింది ఆ నెలలోనే.

ఇక బాధ ఊళ్లోదే అయితే, అంటే పొలం ఎవరో ఆక్రమించడం, ఇంటిమీదికి గొడవకు రావడం లాంటివైతే, గుంటూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లడమే మంచిది. అబ్బాయి తన సీఓతో (యూనిట్ కమాండింగ్ ఆఫీసర్‌తో) కలెక్టర్‌కి లెటర్ రాయించుకుంటే ఇంకా బలం. కేసు కోర్టులో ఉంటే ఆర్మీ చట్టంలోనే 32వ సెక్షన్ ఉంది: ఆ దావా కోసమే లీవు ఇచ్చామని సైనికాధికారి ఇచ్చిన సర్టిఫికెట్ చూపిస్తే, వీలైనంతవరకు ఆ లీవు రోజుల్లోనే విచారణ జరిగేలా కోర్టు చూడాలి. లీవుకి బయల్దేరేముందే అబ్బాయిని ఆ కాగితం తీసుకోమనండి.