52లోంచి 37 తీస్తే 25: రిపోర్టు, బోనసు, బాలసఖి, కంప్యూటర్... ఏది మేలు?

మా నాలుగో తరగతి పిల్ల ఒకతి 52 – 37కి 25 అని జవాబు వేసింది. ఎర్ర పెన్నుతో కొట్టేసి, పక్కన సున్నా పెట్టి ముందుకెళ్లాను. ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్ష) మార్కులు సాయంత్రంలోగా అప్‌లోడ్ చేయాలి, నెట్ చూస్తే వస్తూ పోతూ ఉంది. కింద 64 – 28కి 44 వేసింది. సున్నా. 81 – 46కి 45. ఇంకో సున్నా. మూడోది దిద్దుతుంటే గానీ నాకు తట్టలేదు. పిల్లకి తీసివేత రాకపోవడం కాదిది. పైన చిన్న అంకె, కింద పెద్ద అంకె ఉంటే అటూ ఇటూ చేసి పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తోంది. పక్క స్థానం నుంచి పది అప్పు తెచ్చుకోవడం ఒక్కటే తెలీదు. మూడు సున్నాలకీ కారణం ఒకటే తప్పు.

నేను అప్‌లోడ్ చేసింది మాత్రం మార్కులే.

పరీక్షలు ఎక్కువయ్యాయనీ, చాలడం లేదనీ స్టాఫ్ రూములో రోజూ గొడవే. పరీక్ష అయ్యాక ఏం చేస్తే పిల్లకి చదువొస్తుందన్న దగ్గరికి ఆ గొడవ ఎప్పుడూ రాదు. దానికి నాలుగు మార్గాలు చెబుతుంటారు. ఎవరికి ఏం రాలేదో టీచర్‌కి రిపోర్టు ఇవ్వడం, మార్కులు పెరిగితే టీచర్‌కి డబ్బులివ్వడం, వెనకబడ్డ పిల్లల కోసం ఇంకో మనిషిని పెట్టడం, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టడం. ఈ నాలుగింటినీ మన దేశంలోనే పరీక్షించి చూశారు. మొదటి రెండూ అయితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే.

2005లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ మన పల్లెటూళ్ల ప్రాథమిక పాఠశాలల్లో ఈ పని మొదలుపెట్టారు. ఐదు జిల్లాల్లో బడులను ఎంచుకుని, ఏ బడికి ఏ పథకమో లాటరీ వేసి పంచారు. ఒక వంద బడులకు రిపోర్టు ఒక్కటే ఇచ్చారు. ఏడాది మొదట్లో పరీక్ష పెట్టి, పిల్లలు ఎక్కడెక్కడ తడబడ్డారో వివరంగా రాసి, దాన్ని ఎలా వాడుకోవాలో చెప్పి టీచర్ల చేతిలో పెట్టారు. పరిశీలకులు వెళ్లినప్పుడు ఈ బడుల టీచర్లు మిగతావాళ్ల కంటే హుషారుగా పాఠం చెబుతూ కనిపించారట. ఏడాది చివర పరీక్ష పెడితే, రిపోర్టు అందని బడుల పిల్లలకీ వీళ్లకీ మార్కుల్లో తేడా లేదు. ఎవరైనా వచ్చి వెనక బెంచీలో కూర్చుంటే మేం ఎలా చెబుతామో నాకు తెలుసు కాబట్టి ఈ ఫలితం నన్నేమీ ఆశ్చర్యపరచలేదు.

బోనసు సంగతి వేరు. సగటు మార్కులు 5 శాతం కంటే ఎక్కువ పెరిగితే, ఆపైన పెరిగిన ఒక్కో శాతానికి 500 రూపాయలన్నారు. రెండేళ్లకు లెక్కల్లో 0.27, భాషలో 0.17 స్టాండర్డ్ డీవియేషన్ల మేలు కనిపించింది. ఈ కొలత మామూలు మాటల్లో ఇలా ఉంటుంది: వందమంది పిల్లల్ని మార్కుల వరసలో నిలబెట్టి కింది నుంచి లెక్కపెడితే, సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లవాడు లెక్కల్లో సుమారు 61వ చోటుకి, భాషలో 57వ చోటుకి వెళ్తాడు. బోనసుతో సంబంధం లేని సైన్సు, సోషల్ మార్కులు తగ్గలేదు సరికదా, అవీ పెరిగాయి. టీచర్ల గైర్హాజరు మాత్రం తగ్గలేదు! బడికి వచ్చిన రోజున ఎక్కువ హోంవర్కు ఇచ్చారు, అదనపు క్లాసులు తీసుకున్నారు, ప్రాక్టీసు పరీక్షలు పెట్టారు, అంతే. ఇంకో సంగతి ఏమిటంటే, బోనసు బడులకు కూడా అవే రిపోర్టులు వెళ్లాయి. అవి బాగా పనికొచ్చాయని చెప్పిన టీచర్ల పిల్లలకు ఇక్కడ మార్కులు ఎక్కువ పెరిగాయి. రిపోర్టు ఒక్కటే ఇచ్చిన చోట అలాంటి సంబంధమే కనిపించలేదు. కాగితం అదే. చదివే అవసరం ఇక్కడ ఉంది, అక్కడ లేదు.

మరి బోనసుకే నా ఓటా? కాదు. ఆ పరీక్షలను నిర్వహించింది బయటివాళ్లు, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ మనుషులు. మా దగ్గర పేపర్ దిద్దేది నేను, మార్కులు ఎక్కించేది నేను. డబ్బులు కూడా నాకే అంటే ఆ 25 పక్కన సున్నా ఉంటుందన్న నమ్మకం నాకే లేదు. బయటి పరీక్ష పెట్టే స్తోమత ఉంటేనే బోనసు మాట ఎత్తాలి.

ఇక అసలు పోటీ మనిషికీ యంత్రానికీ.

2001–03 మధ్య ముంబై, వడోదరల్లో ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పథకాలను అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం కొలిచింది (ఈ ఇద్దరికీ 2019లో నోబెల్ వచ్చింది). మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడ్డ 15–20 మంది పిల్లల్ని రోజుకు రెండు గంటలు విడిగా కూర్చోబెట్టి, ఒకటో రెండో తరగతి స్థాయి నుంచి మళ్లీ చెప్పించారు. చెప్పింది పెద్ద చదువులు చదివినవాళ్లేం కాదు. హైస్కూలు చదువు పూర్తిచేసిన అదే పేట అమ్మాయిలు. నెలకు 500 నుంచి 750 రూపాయలు. వాళ్ల పేరే బాలసఖి. రెండో ఏడాది చివరకు ఆ బడుల్లో మార్కులు, పైన చెప్పిన కొలతలోనే, 0.28 పెరిగాయి. లాభమంతా బాలసఖి దగ్గరికి వెళ్లిన పిల్లలదే. వాళ్లు లేచి వెళ్లాక క్లాసు పలచబడినా, అక్కడే మిగిలిన పిల్లలకు ఒరిగిందేమీ లేదు. క్లాసులో పిల్లలు తగ్గితే చాలు, చదువు అదే వస్తుందనేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

వడోదరలోనే నాలుగో తరగతికి కంప్యూటర్ పెట్టారు. ప్రభుత్వం ఇచ్చిన కంప్యూటర్లు బడుల్లో చాలావరకు వాడకుండా పడున్నాయి, వాటికే పని కల్పించారు. ఒక కంప్యూటర్‌కి ఇద్దరు పిల్లలు, వారానికి రెండు గంటలు లెక్కల ఆటలు, పిల్లల స్థాయిని బట్టి. లెక్కల్లో 0.47 మేలు! పందెం అక్కడితో ఆపేస్తే కంప్యూటరే గెలిచినట్టు. కానీ ఖర్చు వేసి చూస్తే బాలసఖికి పిల్ల ఒక్కరికి ఏడాదికి సుమారు 107 రూపాయలు, కంప్యూటర్‌కి 722. పెట్టిన రూపాయికి వచ్చే చదువు లెక్కన బాలసఖే ఐదు నుంచి ఏడు రెట్లు మేలని ఆ పరిశోధకులే తేల్చారు. పథకాలు ఆపేసిన ఏడాదికి రెండు చోట్లా మేలు 0.10 దగ్గరికి కరిగిపోయింది. ఒక ఏడాది నడిపి ఫొటోలు దిగి వదిలేస్తే ఏ పథకానికైనా పట్టే గతి అదే.

అప్పటి కంప్యూటర్ వేరు, ఇప్పటిది వేరు అంటారు. నిజమే. 2015లో ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌ను 6 నుంచి 9 తరగతుల పిల్లల మీద పరీక్షించారు. ఇందులోనూ కార్తీక్ మురళీధరన్ ఉన్నారు. మొత్తం 619 మంది, లాటరీలో వచ్చినవాళ్లకు బడి అయ్యాక సెంటర్లో ఉచితంగా క్లాసులు. ముందు పరీక్ష పెట్టి చూస్తే ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకున్నారు. తొమ్మిదికొచ్చేసరికి ఆ దూరం నాలుగున్నర. సాఫ్ట్‌వేర్ చేసిందల్లా పిల్ల ఏ మెట్టు మీద ఉందో చూసుకుని అక్కణ్ణుంచి మొదలుపెట్టడం, 25 లాంటి జవాబు వస్తే అది ఏ రకం తప్పో పట్టుకోవడం. నాలుగున్నర నెలల్లో లెక్కల్లో 0.37, హిందీలో 0.23 మేలు. అదే పిల్లల బడి పరీక్షల్లో లెక్కల మార్కులు మాత్రం చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. నాలుగో తరగతి లెక్క నుంచి ఐదో తరగతి లెక్కకు ఎదిగిన పిల్లవాణ్ణి ఎనిమిదో తరగతి పేపర్‌తో కొలిస్తే ఏం కనిపిస్తుంది? తల్లిదండ్రులు ప్రోగ్రెస్ కార్డు చూసి "ఏమీ రావట్లేదండీ" అన్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

ఢిల్లీ ఫలితాన్ని కంప్యూటర్ ఖాతాలో మాత్రమే వేయలేం. గంటన్నర క్లాసులో సగం సేపు కంప్యూటర్, మిగతా సగం చిన్న గుంపుకి ఒక మనిషి చెప్పిన పాఠం. ఈ రెంటినీ విడదీసి కొలవలేదు. మనిషీ పద్ధతీ లేకుండా ఉత్త యంత్రం పంచితే ఏమవుతుందో పెరూలో తేలింది. 319 పల్లె బడుల మీద చేసిన అధ్యయనంలో, పిల్లలకు లాప్‌టాప్‌లిచ్చిన పదిహేను నెలలకు లెక్కల్లో గానీ భాషలో గానీ తేడా లేదు. గుజరాత్‌లో జ్ఞానశాల అనే స్వచ్ఛంద సంస్థ బడుల్లోనైతే, బడి వేళల్లో టీచర్ పాఠానికి బదులు కంప్యూటర్ పెట్టిన చోట మార్కులు తగ్గాయి కూడా. బడి వేళకు బయట పెట్టిన చోట పెరిగాయి. ట్యాబులు పంచేవాళ్లు టైంటేబుల్ కూడా తోడు పెట్టుకుని కూర్చోవాలని నేనందుకే అంటాను.

ఎవరైనా నన్నడిగితే, ఐదో తరగతి వరకు మనిషే. డబ్బు తక్కువ, తప్పు చిన్నది, చేత్తో పట్టుకుని సరిచేయొచ్చు. ఆరు దాటాక కంప్యూటర్ కావాలి, ఎందుకంటే ఒకే గదిలో మూడో తరగతి స్థాయి నుంచి ఎనిమిదో తరగతి స్థాయి దాకా పిల్లలు కూర్చుని ఉంటారు, అన్ని మెట్ల మీద ఒకేసారి నిలబడటం ఏ టీచర్ వల్లా కాదు. అది కూడా బడి అయ్యాకే, పక్కన మనిషి ఉంటేనే. రిపోర్టు ఒక్కటే చాలనుకుంటే ఆ కాగితం ఖర్చు కూడా దండగే.

మర్నాడు ఆ పిల్లని దగ్గర కూర్చోబెట్టుకుని చీపురుపుల్లలు తీశాను. పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండు వేసిన ఐదు కట్టలు, విడిగా రెండు పుల్లలు. ముందు ఏడు పుల్లలు ఇవ్వమన్నాను. రెండు ఇచ్చింది. నా మొహం చూసింది, కట్టల వంక చూసింది. "విప్పొచ్చా సార్?" అంది. విప్పమన్నాను. మొత్తం పది నిమిషాలు పట్టిందేమో. ఆ పది నిమిషాలూ మిగతా ముప్పై ఒక్కమంది ఏం చేశారో నేను చూళ్లేదు.