ముందు బ్రేకు మెత్తబడితే: వ్యాక్యూమ్ పంపు కంటే సిరంజే నయం

బండి బ్రేకు లైన్లోంచి పాత ఆయిల్‌ని, గాలిని లాగేయడానికి చేత్తో నొక్కే వ్యాక్యూమ్ పంపు కొందామనుకునేవాళ్లు కాస్త ఆగండి. నా దగ్గర కొన్నేళ్లుగా ఉంది. పాడవలేదు, ఇప్పటికీ పనిచేస్తోంది. అయినా లైన్లో గాలి చేరి బ్రేకు లివర్ మెత్తబడినప్పుడు నేను తీసేది మందుల షాపులో కొన్న 50 ఎంఎల్ సిరంజినే.

నా బండి 150 సీసీ. ముందు డిస్కు, వెనక డ్రమ్ము, ఏబీఎస్ లేని పాత మోడల్. ఉండేది విశాఖపట్నంలో. ఇక్కడి గాలిలో తేమ సంగతి తెలిసిందేగా, ఆ తేమను పీల్చుకోవడం బ్రేక్ ఆయిల్ గుణం. కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అందులో నీరు 3.7 శాతానికి చేరితే 155 డిగ్రీలు తట్టుకుంటే చాలంటారు. ఊళ్లో తిరిగినంతకాలం ఈ తేడా తెలియదు. అరకు నుంచి అనంతగిరి ఘాట్ దిగుతూ ఆపకుండా బ్రేకు పడుతూ వస్తే తెలుస్తుంది. వేడికి ఆయిల్లోని నీరు ఆవిరవుతుంది. ఆయిల్ ఎంత నొక్కినా అణగదు, ఆవిరి అణుగుతుంది. దాంతో లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, బండి మాత్రం ఆగదు. అందుకే రెండేళ్లకోసారి, వీలైతే వానలు వెళ్లాక, ఆయిల్ మార్చేస్తుంటాను.

మొదట్లో అందరూ చేసినట్టే చేసేవాణ్ని. కాలిపర్ (డిస్కును ప్యాడ్లతో పట్టే భాగం) మీద ఆయిల్ బయటికి వదలడానికి ఉండే చిన్న మర నిపుల్‌కి పారదర్శకంగా ఉండే ట్యూబు తగిలించి, రెండో కొస సీసాలోని కొత్త ఆయిల్లో ముంచాలి. ఒకరు లివర్ నొక్కి పట్టుకుంటే ఇంకొకరు నిపుల్ పావు చుట్టు వదులు చేసి మళ్లీ బిగించాలి. ఆ తర్వాతే లివర్ వదలాలి. ఖర్చు దాదాపు లేదు, పద్ధతిలో లోపమూ లేదు. కాకపోతే ఇద్దరికీ లయ కుదరాలి. మా తమ్ముడు ఫోన్ చూస్తూ లివర్ పట్టుకునే రకం. "ఉండరా, ఇంకా బిగించలేదు" అనేలోపే వదిలేసేవాడు. బయటికి పోయిన గాలి మళ్లీ లోపలికి వచ్చేది. ఒక్కడినే చేసుకోవచ్చు కదా అనే పంపు కొన్నాను.

పంపు ఆయిల్ని బాగానే లాగుతుంది, అందులో అనుమానం లేదు. చిక్కల్లా బుడగలతోనే. నిపుల్ వదులు చేయగానే దాని మరల సందుల్లోంచి బయటి గాలి కూడా వచ్చి ట్యూబులో కలుస్తుంది. ఎంతసేపు లాగినా సన్నటి బుడగలు వరసగా వస్తూనే ఉంటాయి. అవి లైన్లోంచి వస్తున్నాయా, మరల పక్కనుంచా అన్నది తేల్చుకోలేం. మరల చుట్టూ కాస్త గ్రీజు రాస్తే తగ్గుతాయి గానీ పూర్తిగా పోవు. ఈ టెన్షన్లో పైన హ్యాండిల్ దగ్గరి డబ్బాలో ఆయిల్ అడుగంటిందంటే మాస్టర్ సిలిండర్‌లోకి (లివర్ నొక్కితే ఆయిల్ని లైన్లోకి నెట్టే భాగం) గాలి దూరి పని మొదటికొస్తుంది. పాత ఆయిల్ త్వరగా ఖాళీ చేయడానికి పంపు మంచిదే. లివర్ గట్టిపడాలంటే మాత్రం దాన్నొక్కదాన్నే నమ్ముకోలేం.

సిరంజి పద్ధతి దీనికి తలకిందులు. ఆయిల్ని కింద నిపుల్ నుంచి పైకి ఎక్కిస్తాం. గాలి తనంతట తాను పోయేది పైకే కాబట్టి మనం నెట్టేదీ ఆ దారినే. ముందు పాత ఆయిల్ తీసేసి, డబ్బా అడుగున పేరుకున్న మడ్డిని శుభ్రంగా తుడవాలి. లేకపోతే కింది మురికంతా మాస్టర్ సిలిండర్‌లోకి ఎక్కుతుంది. సిరంజిలో కొత్త ఆయిల్ నింపి, ట్యూబులో బుడగ లేకుండా చూసి, కొస ఊడిపోకుండా నిపుల్‌కి జిప్ టై బిగిస్తాను. నా బండికి 8 నంబర్ రింగ్ పానా సరిపోతుంది. మెల్లగా నెడుతూ పైన డబ్బా నిండకముందే ఆపి, నిపుల్ బిగించాకే సిరంజి తీయాలి. ఒకటి రెండుసార్లు వాడేసరికి సిరంజి పిస్టన్ రబ్బరు ఉబ్బి బిగుసుకుపోతుంది, అందుకే ప్రతిసారీ కొత్తది కొంటాను.

ఇంత చేసినా లివర్ కొద్దిగా మెత్తగా అనిపించవచ్చు. మెకానిక్ షాపుల్లో చాలామంది వదిలేసేది ఇక్కడే. నా బండి చూసిన ఒకాయన "డిస్కు అంతే సార్, అలవాటైపోతుంది" అన్నాడు కూడా. అలవాటు చేసుకోవాల్సిన పనేమీ లేదు. గాలి మిగిలేది సాధారణంగా పైన, మాస్టర్ సిలిండర్‌కి గొట్టం కలిసే బ్యాంజో బోల్టు (ఆయిల్ పోయేలా లోపల రంధ్రం ఉండే బోల్టు) దగ్గర. హ్యాండిల్ తిప్పి డబ్బా సమంగా ఉండేలా చూసి, మూత తీసి, లివర్‌ని అర అంగుళం కూడా కదలనివ్వకుండా మెల్లమెల్లగా కదపండి. డబ్బా అడుగున సూది మొనంత రంధ్రం ఉంటుంది. దాంట్లోంచి ఆవగింజంత బుడగ ఒకటి పైకొచ్చి పగులుతుంది. కాసేపాగి ఇంకొకటి. పూర్తిగా నొక్కితే ఆ రంధ్రం మూసుకుపోతుంది కాబట్టి బలం పనికిరాదు, ఓపిక కావాలి. లివర్ గట్టిపడేది ఈ పావుగంటలోనే. రాత్రంతా లివర్‌ని రబ్బరుతో కట్టి ఉంచమని చెప్పేవాళ్లున్నారు. చేసి చూశాను. కొంత ఫలితం కనిపించింది గానీ తర్వాత మళ్లీ మెత్తబడింది.

బ్లీడింగ్‌తో, అంటే ఇలా గాలి తీయడంతో, తీరని జబ్బులూ ఉన్నాయి. లివర్ గట్టిగా పట్టుకుంటే మెల్లగా లోపలికి దిగిపోతోందా? ఎక్కడా కారకపోతే మాస్టర్ సిలిండర్ సీళ్లు అరిగినట్టే, కిట్ మార్చాలి. కాలిపర్ పిన్నులు ఎండిపోయి బిగుసుకున్నా, పాత రబ్బరు గొట్టం నొక్కినప్పుడల్లా ఉబ్బుతున్నా ఎన్ని సీసాలు పోసినా దండగే.

ఆయిల్ విషయంలో డాట్ 5కీ డాట్ 5.1కీ ముడిపెట్టకండి. 5.1 అనేది డాట్ 4 లాగే గ్లైకాల్ రకం, 5 సిలికాన్ రకం, మామూలు ఆయిల్‌తో కలపకూడదు. బండి ఆయిల్ డబ్బా మూత మీద ఏది రాసి ఉంటే అదే పోయడం మేలు. చిన్న సీసాయే కొనండి, మూత తీసి నెలల తరబడి అలమరాలో పెట్టింది మళ్లీ వాడొద్దు. ట్యాంకు మీద పాత గుడ్డ కప్పండి, చుక్క పడిందా వెంటనే నీళ్లతో కడిగేయండి, పెయింటు లేచిపోతుంది. పని అయ్యాక లివర్ గట్టిగా పట్టుకుని ఒక నిమిషం ఉంచి నిపుల్ దగ్గర తడి వస్తోందేమో చూసుకుని, ముందు వీధిలోనే మెల్లగా నడిపి చూడండి.

ఏబీఎస్ బండి అయితే ఈ సిరంజి పద్ధతి వద్దు. కింది మురికి మాడ్యులేటర్‌లోకి (ఏబీఎస్‌లో బ్రేకు ఒత్తిడిని అదుపుచేసే భాగం) పోతుంది. అందులో గాలి చిక్కితే కొన్ని మోడళ్లకు స్కానర్ పెట్టి దాని లోపలి పంపు తిప్పాల్సి వస్తుంది. అది సర్వీస్ సెంటర్‌కి వదిలేయండి.