మూడు రోజుల ట్రామా ఇంటెన్సివ్‌కి అడ్వాన్స్ కట్టబోతున్నారా? ముందు ఇది చదవండి

చేతులు ఇంకా వణుకుతున్నాయి, అయినా రాస్తున్నాను. ట్రామా ఇంటెన్సివ్ అంటే, మనసుకు తగిలిన పెద్ద దెబ్బకి నెలల తరబడి చేసే థెరపీని కొద్ది రోజుల్లో గంటల తరబడి చేయడం. నేను వెళ్లిన చోట నడిపేవాళ్లు వచ్చే వారం ఇంకో బ్యాచ్ మొదలవుతోందని స్టేటస్ పెట్టారు. అది చూశాక ఊరుకోలేకపోయాను. "ఏళ్ల బరువు మూడు రోజుల్లో దించుకోండి" అనే ఆ రీల్స్ మీకూ వచ్చే ఉంటాయి. పేరు రాయను. చూసినవాళ్లకు ఎవరో తెలిసిపోతుంది.

నా సంగతి క్లుప్తంగా చెప్తాను. రెండేళ్ల కిందట కోదాడలో పెళ్లి చూసుకుని హైదరాబాద్ వస్తుంటే, సూర్యాపేట దాటాక లైట్లు లేకుండా ఆపి ఉన్న లారీని మా కారు గుద్దింది. నాన్న పోయారు. నేను వెనక సీట్లో ఉన్నాను. అప్పటినుంచి సరిగ్గా నిద్ర లేదు, హైవే ఎక్కలేను. ఏడాదిగా ప్రతి శనివారం ఒక క్లినికల్ సైకాలజిస్ట్ మేడమ్ దగ్గరికి వెళ్తున్నాను, సెషన్‌కి 1,800. నెమ్మదిగా బాగుపడుతున్నాను కూడా. కానీ అసలు విషయం దగ్గరికి వచ్చేసరికి టైమ్ అయిపోయేది, మళ్లీ వారం ఆగాలి. డిసెంబర్‌లో విజయవాడలో చెల్లి పెళ్లి. ఆ దారినే వెళ్లాలి. ఆ తొందరలో, రోజుకు నాలుగు గంటల చొప్పున మూడు రోజులకి 48,000 ఒకేసారి కట్టేశాను. మేడమ్‌కి ఒక్క మాట కూడా చెప్పలేదు. చెప్తే వద్దంటారని భయం. అదే ఇప్పుడు నన్ను తినేస్తోంది.

ఇంటెన్సివ్ అనేదే మోసం అనడం లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆంకె ఎలర్స్ బృందం 2014లో ప్రచురించిన అధ్యయనం ఉంది. ఏడు రోజుల్లో చేసిన థెరపీ, మూడు నెలలపాటు వారం వారం చేసినదానితో దాదాపు సమానంగా పనిచేసిందని అందులో తేలింది. వీళ్లు నాకు ఫోన్లో చెప్పింది కూడా అదే. అప్పుడు నమ్మాను. ఇప్పుడు కూర్చుని చదివితే తెలిసింది, అక్కడ ముందు మనిషిని పూర్తిగా పరీక్షించి తీసుకున్నారు, ఏడు రోజులయ్యాక కూడా మళ్లీ పిలిచి చూశారు. నెదర్లాండ్స్‌లో ఎనిమిది రోజుల ప్రోగ్రాములు నడుస్తాయి. మనిషి అక్కడే ఉంటాడు, పొద్దున ఒక థెరపీ, మధ్యాహ్నం ఈఎండీఆర్ (చెడు జ్ఞాపకాన్ని తలుచుకుంటుండగా ఎడమకీ కుడికీ మార్చి మార్చి కళ్లు కదిలించడమో, చేతుల్లో అదురు ఇవ్వడమో చేసే థెరపీ), మధ్యలో వ్యాయామం, చుట్టూ టీమ్. ఇక్కడ నాకు దొరికింది ఒక గది, ఒక మనిషి, ఒక గూగుల్ ఫామ్. ఆ ఫామ్‌లో ఏం రాశానో ఆవిడ చదివినట్టు కూడా లేదు. మొదటి రోజే "మీ హస్బెండ్ పోయి రెండేళ్లు కదా" అని మొదలుపెట్టింది. అప్పుడే లేచి వచ్చేయాల్సింది. రాలేదు.

రెండో రోజు మధ్యాహ్నం జరిగింది చెప్తాను. ఈఎండీఆర్‌లో కొందరు రెండు అరచేతుల్లో చిన్న గుండీల్లాంటివి పెడతారు, ఎడమది ఒకసారి, కుడిది ఒకసారి గుయ్‌మంటూ అదురుతుంటాయి. కళ్లు మూసుకున్నాను. కారు ఆగిపోయి ఉంది. ఒళ్లో గాజు పెంకులు. ఇంజిన్ చప్పుడు లేదు. ఇండికేటర్ ఒక్కటే టిక్ టిక్ టిక్‌మని కొట్టుకుంటోంది. నాన్న తల కిటికీ వైపు వాలి ఉంది. ఆ ఇండికేటర్ సంగతి రెండేళ్లలో ఎవరికీ చెప్పలేదు, అమ్మకి కూడా. మొదటిసారి నోరు పెగిలింది. అప్పుడు తలుపు కొట్టారు. కోఆర్డినేటర్ అమ్మాయి. "మేడమ్, రెండింటివాళ్లు వచ్చేశారు" అంది.

ఆవిడ నా చేతుల్లోంచి ఆ గుండీలు తీసేసుకుంది. వైరు వేళ్లకి చుట్టుకుంటూ, "ఇక్కడ బుక్‌మార్క్ పెట్టుకోండి, రేపు ఇక్కడినుంచే మొదలుపెడదాం" అంది.

మా నాన్న తల వాలిపోయి ఉన్న చోట బుక్‌మార్క్ పెట్టుకోమంది.

కాళ్లు ఆనడం లేదు, ఐదు నిమిషాలు కూర్చుంటానన్నాను. "లాంజ్‌లో కూర్చోండి, రూమ్ కావాలి" అంది, నా వైపు చూడకుండా ఫోన్ చూసుకుంటూ. లాంజ్‌లో కొత్తవాళ్లు కాఫీ తాగుతున్నారు. వాళ్ల ముందు ఏడవలేక లిఫ్ట్ ఎక్కి సెల్లార్‌కి వెళ్లిపోయాను. అక్కడ ఎవరో కారు రివర్స్ తీస్తున్నారు, ఇండికేటర్ వేసుకుని. ఆ తర్వాత నాకు తెలిసింది పిల్లర్ పక్కన కింద కూర్చుని ఉన్నాననే. వాచ్‌మన్ తన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి కూర్చోబెట్టాడు. "ఏమైందమ్మా, ఎవలకన్న ఫోన్ చేయాల్నా" అని నా ఫోన్ తీసుకుని మా ఆయనకి కలిపాడు. ఆయన వచ్చేదాకా నలభై నిమిషాలు పక్కనే నిలబడ్డాడు. 48,000 తీసుకున్న మనిషి ఐదు నిమిషాలు ఇవ్వలేకపోయింది.

ఈఎండీఆర్‌లో ఎనిమిది దశలుంటాయని శనివారం మేడమ్ దగ్గర తెలుసుకున్నాను. రెండోది మనిషిని సిద్ధం చేయడం, భయం ముంచుకొస్తే తనంతట తాను తేరుకునే పద్ధతి నేర్పడం. ఏడోది ముగింపు. జ్ఞాపకం సగంలోనే ఆగినా సరే, మనిషి కుదుటపడ్డాకే గదిలోంచి పంపాలి. రెండోది నాకు చేయలేదు. ఏడోది జరగాల్సిన చోట వైరు చుట్టుకుంది.

ఆ రాత్రి పన్నెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. పొద్దున వాయిస్ మెసేజ్ వచ్చింది: "ఇది రెసిస్టెన్స్ అండీ, నార్మలే, ఇవాళ రాకపోతే ప్రాసెస్ ఫెయిల్ అవుతుంది." నేను వెళ్లలేదు. మూడో రోజు డబ్బయినా వెనక్కివ్వమని అడిగితే నిన్న మెయిల్ పెట్టారు. మధ్యలో మానేశాను కాబట్టి రీఫండ్ లేదట, హీల్ అవ్వాలన్న సంసిద్ధత నాలో కనిపించలేదట. మీ ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబర్ చెప్పండి అని అడిగాను. ఆర్‌సీఐ అంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, క్లినికల్ సైకాలజిస్టులు నమోదు కావాల్సిన ప్రభుత్వ సంస్థ. బ్లాక్ చేశారు. వెబ్‌సైట్‌లో చూస్తే "సర్టిఫైడ్ ట్రామా కోచ్" అని ఉంది, అంతే. ఫ్రిజ్ కొనేటప్పుడు నలుగురిని అడిగే దాన్ని, ఈ ఒక్క ప్రశ్న డబ్బు కట్టకముందు ఎందుకు అడగలేదో అని రాత్రంతా ఏడ్చాను.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. సేవలో లోపం ఉన్నప్పుడు డబ్బు వెనక్కివ్వననడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి కిందకి వస్తుంది. వాళ్లు కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. మనం కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. మీలో ఎవరికైనా అక్కడ ఇలాగే జరిగితే రసీదు, మెసేజ్‌లు దాచుకుని నాకు చెప్పండి, కలిసి కేసు వేద్దాం.

ఇంటెన్సివ్‌కి వెళ్లాలనుకునేవాళ్లు ఆర్‌సీఐ నంబర్ అడగండి, ఆర్‌సీఐ సైట్‌లో వెతికి చూసుకోవచ్చు. సెషన్ అయ్యాక ఎంతసేపు మీతో ఉంటారు, ఆ రాత్రి ఫోన్ ఎవరు ఎత్తుతారు అని అడగండి. మొత్తం ఒకేసారి కట్టకండి. ఇప్పటికే ఎవరి దగ్గరికైనా వెళ్తుంటే వాళ్లకి చెప్పకుండా వెళ్లకండి. ఇప్పటికే ఇలాంటి చోట ఇరుక్కుని రాత్రి ఎవరూ ఫోన్ ఎత్తకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది, 24 గంటలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఆ రాత్రి రెండింటికి నేను మాట్లాడింది వాళ్లతోనే.

మేడమ్ నన్ను తిట్టలేదు. సూర్యాపేట సంగతి కొన్నాళ్లు ముట్టుకోవద్దు, ముందు నిద్ర సంగతి చూద్దాం అన్నారు. మళ్లీ శనివారం పదకొండింటికి రమ్మన్నారు. పెళ్లికి రైల్లో వెళ్దామని మా ఆయన టికెట్లు తీశారు.