అరసున్నతో దిద్దుకున్న గుజరాతీ

తెలుగు ద్వారా గుజరాతీ నేర్పే చిన్న పుస్తకం ఒకటి మూడేళ్లు వాడాను. పేరెందుకు లెండి, ఈ తరహావన్నీ ఒకే మూసలో పోసినట్టుంటాయి. మావారికి సూరత్ బదిలీ అయినప్పుడు రైలెక్కబోతూ కొన్నాను. లింబాయత్ వైపు ఇల్లు దొరికి ఉంటే దీని అవసరమే పడేది కాదు. మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. మాకు అడాజణ్‌లో దొరికింది. మెట్ల మీద ఎదురైన వాళ్లంతా గుజరాతీలే.

మొదటి పాఠం పలకరింపులు. ‘కేమ్ ఛో?’ అంటే ఎలా ఉన్నారు, ‘మజామా’ అంటే బాగున్నాను. ఈ రెండు ముక్కలతోనే మొదటి వారం గట్టెక్కాను. అంతవరకు పుస్తకం చలవే.

చిక్కంతా పరిచయాల దగ్గర వచ్చింది. ‘మీ పేరేమిటి?’ అనడానికి ‘తమారుం నామ్ శుం ఛే?’ అని అచ్చువేశారు. నేను సున్నలన్నీ నిండుగా పలికి ‘తమారుమ్, శుమ్’ అంటుంటే ఎదురింటి పాప కిసుక్కున నవ్వింది. అక్కడ పెదవులు కలపకూడదట, ఉకారాన్ని ముక్కుతో పలకాలట. అంటే మన పాత అరసున్నే! ఆ రాత్రే పెన్సిల్ పుచ్చుకుని దిద్దాను: తమారుఁ, శుఁ, మారుఁ. ‘మారుఁ నామ్ సరళ ఛే’ అని చెప్పిన మూడో రోజుకే అందరికీ సరళాబేన్ అయ్యాను. పేరు చివర బేన్, భాయ్ చేర్చి పిలవాలన్న ముక్క పుస్తకంలో ఎక్కడా లేదు. అప్పటిదాకా పక్కింటావిడను ఆంటీ అంటూ వచ్చాను.

అసలు తప్పు ఇంకొకటి ఉంది. ‘హైదరాబాద్ నుంచి వచ్చాను’ అనడానికి ‘హుఁ హైదరాబాద్‌థీ ఆవ్యో ఛుఁ’ అని ఒకటే వాక్యం ఇచ్చారు. కింది ఇంట్లో భజనకు పిలిస్తే అదే అప్పజెప్పాను. ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. ‘ఆవ్యో’ మగవాడి మాట, నేను ‘ఆవీ’ అనాలి. మన ‘వచ్చాను’కు ఆడా మగా తేడా లేదు కనుక రాసినవారికి తట్టలేదేమో. కొనేవాళ్లలో ఆడవాళ్లమూ ఉంటాం కదా!

‘జయ్ శ్రీకృష్ణ’ను కూడా వదిలేశారు. మా మెట్ల మీద ‘కేమ్ ఛో’ కన్నా అదే ఎక్కువగా వినిపిస్తుంది. జైనులైతే ‘జయ్ జినేంద్ర’ అంటారు. సూరత్ యాసను పుస్తకంలో ఆశించడం అత్యాశే గానీ, కూరల బండి దగ్గర ‘సారుఁ’ కాస్తా ‘హారుఁ’ అయిపోతే, ‘బాగుంది’ అంటున్నాడని తెలియడానికి నాకు నెల పట్టింది.

ఒక్క మాటకు మాత్రం రాసినవారికి దండం పెట్టాలి. సెలవు తీసుకోవడానికి ‘ఆవజో’ అనాలని రాసి, పక్కనే ‘మళ్లీ రండి’ అని అర్థం ఇచ్చారు. ‘వెళ్తాను’ అనకుండా ‘వెళ్లొస్తాను’ అనే మనకు అది వెంటనే పట్టుబడింది.

మొదటి ముప్పై పేజీలకు పెట్టిన డబ్బు గిట్టింది. బ్యాంకు, పోస్టాఫీసు సంభాషణలు దండగ, అక్కడ హిందీతో పని జరిగిపోతుంది. ఇప్పుడా పుస్తకం పై అంతస్తులో కొత్తగా దిగిన గుంటూరు వాళ్ల దగ్గర ఉంది. పెన్సిల్ గీతలు చెరపవద్దని చెప్పి మరీ ఇచ్చాను.